షీటు సందేహాలు: ఎర్రర్ రాలేదంటే అంతా సరిగ్గా ఉన్నట్టు కాదు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఎక్సెల్‌లోని వీలుకప్ గురించే. మనమిచ్చిన నంబరునో కోడ్‌నో ఒక జాబితాలో వెతికి, దాని పక్కనున్న వివరం తెచ్చిపెట్టే ఫార్ములా అది. అందుకని పివట్ టేబుళ్ల ప్రశ్నలు వచ్చే సంచికకు ఉంచి, వెతికిపెట్టే ఫార్ములాలూ, 'అయితే ఇది, కాకపోతే అది' అని తేల్చే ఫార్ములాలూ మాత్రమే తీసుకున్నాను. ఫార్ములాలను తెలుగు అక్షరాల్లో ఇస్తున్నాను. కంప్యూటర్‌లో కొట్టేటప్పుడు అవే పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టండి.

ప్రశ్న: మేడమ్, ఒక షీట్‌లో సభ్యుల నంబర్లున్నాయి. ఇంకో చోట నంబరూ పేరూ ఉన్న జాబితా ఉంది. =వీలుకప్(ఏ2, $డి$2:$ఇ$400, 2) అని వేసి కిందికి లాగాను. పైన యాభై పేర్లు చూశాను, అన్నీ సరిపోయాయి. కింద మాత్రం కొందరికి వేరేవాళ్ల పేర్లు వస్తున్నాయి. ఎర్రర్ ఒక్కటీ లేదు. ఒకే ఫార్ములా కొందరికి పనిచేసి కొందరికి పనిచేయకపోవడం ఏమిటి?
— ఒక సంఘం కార్యదర్శి

జవాబు: మీ ఫార్ములాలో నాలుగో మాట లేదండి. 2 తర్వాత కామా పెట్టి ఫాల్స్ అని రాయండి. =వీలుకప్(ఏ2, $డి$2:$ఇ$400, 2, ఫాల్స్). మీ సమస్య ఇంతటితో తీరిపోతుంది. కానీ ఎందుకు తీరిందో తెలియకపోతే ఇంకో ఫైల్‌లో మళ్లీ ఇదే జరుగుతుంది. కాస్త ఓపికగా చదవండి.

నాలుగో మాట రాయకపోతే ఎక్సెల్ దాన్ని ట్రూ అనుకుంటుంది. ట్రూ అంటే 'సరిగ్గా అదే దొరక్కపోయినా, దానికంటే చిన్నవాటిలో దగ్గరగా ఉన్నది ఇవ్వు' అని. ఫాల్స్ అంటే 'సరిగ్గా అదే దొరికితేనే ఇవ్వు' అని. ట్రూ పనిచేయాలంటే జాబితా చిన్న నుంచి పెద్దకు వరసలో ఉండాలి. వరసలో ఉందనే నమ్మకంతో ఎక్సెల్ ఒక్కో గడీ చూసుకుంటూ రాదు. మనం నిఘంటువు తెరిచినట్టు సరాసరి మధ్యకు వెళుతుంది. అక్కడున్నది మనకు కావలసినదానికంటే చిన్నదైతే పై సగాన్ని వదిలేసి కింది సగంలోకి పోతుంది, పెద్దదైతే పైకి పోతుంది.

వరస లేని జాబితాలో ఏం జరుగుతుందో చేత్తో చేసి చూడండి. పై నుంచి కిందికి ఏడు నంబర్లు రాయండి: 205, 110, 340, 150, 420, 130, 500. ఇప్పుడు 205 కోసం వెతకాలి. మన కంటికి మొదటి గడిలోనే కనిపిస్తోంది. ఎక్సెల్ మధ్యన ఉన్న నాలుగో గడికి వెళ్లింది. అక్కడ 150 ఉంది, 205 కంటే చిన్నది. సరే, కిందికి. మిగిలిన మూడింటి మధ్యలో 130 ఉంది, అదీ చిన్నదే. ఇంకా కిందికి. అక్కడ 500, పెద్దది. ఇక వెతకడానికేమీ లేదు కాబట్టి అంతకుముందు చూసిన 130 దగ్గర ఆగి, దాని పక్కనున్న పేరు తెచ్చి మీ గడిలో పెడుతుంది. మొదటి గడిలోని 205 వైపు అసలు చూడనే లేదు. తప్పు చేశానన్న సూచన కూడా ఇవ్వదు.

మీ జాబితాలో పై భాగం వరసగా ఉండి ఉంటుంది, తర్వాత చేరినవాళ్లను అడుగున కలిపి ఉంటారు. సరిగ్గా ఇదే నాకూ జరిగింది. చాలా ఏళ్ల కిందట ఒక శిక్షణ సంస్థలో సర్టిఫికెట్ల జాబితా తయారుచేసే పని నాది. ఆలస్యంగా చేరినవాళ్లకు మధ్యలో ఖాళీగా మిగిలిన నంబర్లిచ్చి, పేర్లు మాత్రం జాబితా చివర రాశారు. నేను నాలుగో మాట రాయలేదు. పై ముప్ఫై సరిచూసి ప్రింట్‌కు పంపేశాను. మూడు రోజుల తర్వాత ఒకాయన కాగితం పట్టుకుని వచ్చి, "అమ్మా, నంబరు నాదే, పేరు నాది కాదు" అన్నారు. ఆ కాగితం మీద ఆయనకు ముందు నంబరు వ్యక్తి పేరుంది. ఆయన కోప్పడలేదు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు పొద్దున్నే వెళ్లి జాబితా మొత్తం ఒక్కో వరసా చేత్తో సరిచూశాను. ఆ రోజు నుంచి నాలుగో మాట రాయకుండా వీలుకప్‌ను మూసింది లేదు.

ఇంకో మాట. సరిచూసేటప్పుడు పైన ఉన్నవే చూడకండి. పై నుంచి నాలుగు, మధ్య నుంచి నాలుగు, చివరి నుంచి ఎక్కువ చూడండి. జాబితా చెడిపోయేది సాధారణంగా అడుగునే.

ప్రశ్న: కోడ్ రెండు చోట్లా ఉంది. నా కళ్లతో చూస్తున్నాను. అయినా దొరకలేదంటూ #ఎన్/ఏ ఎర్రర్ వస్తోంది. ఫాల్స్ కూడా రాశాను. టెన్షన్‌తో రెండు రోజులుగా ఇదే పని. ఎక్సెల్ పాడైందంటారా?
— ఒక గ్రంథాలయ ఉద్యోగిని

జవాబు: ఎక్సెల్ బాగానే ఉందమ్మా. మీ కంటికి ఒకేలా కనిపించేవి దానికి వేరువేరు. కారణాలు చాలా ఉండొచ్చు కానీ, నాకు వచ్చే ఫైళ్లలో మూడే మళ్లీ మళ్లీ కనిపిస్తాయి.

మొదట పక్కనున్న ఖాళీ గడిలో =ఏ2=డి15 అని కొట్టండి. ఏ2 మీరు వెతికే కోడ్, డి15 మీ కంటికి కనిపిస్తున్న అదే కోడ్. ఫాల్స్ వస్తే ఆ రెండూ ఒకటి కాదని తేలిపోయినట్టే. తర్వాత గడిలో ఎన్ని అక్షరాలున్నాయో చెప్పే =లెన్(ఏ2), =లెన్(డి15) వేయండి. ఒకటి 6 అని, ఇంకోటి 7 అని చెప్తే చివర ఒక ఖాళీ జాగా దాక్కుని ఉంది. వేరే సాఫ్ట్‌వేర్ నుంచి దించుకున్న ఫైళ్లలో ఇది చాలా మామూలు. =ట్రిమ్(డి15) దాన్ని తీసేస్తుంది.

ట్రిమ్ వేసినా 7 అలాగే ఉందా? అయితే అది మామూలు ఖాళీ కాదు. వెబ్ పేజీల నుంచి కాపీ చేసినప్పుడు వచ్చే ఖాళీ అక్షరం వేరే, దాని సంఖ్య 160. ట్రిమ్‌కు అది కనిపించదు. =సబ్‌స్టిట్యూట్(డి15, చార్(160), "") అని రాస్తే పోతుంది. దీని గురించి తెలియక ఎంతోమంది కోడ్‌లన్నీ మళ్లీ చేత్తో కొట్టడం చూశాను. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

రెండు పొడవులూ సమానంగానే ఉండి, పోలిస్తే ఫాల్స్ వస్తుంటే, ఒక చోట కోడ్ అంకెగా ఉంది, ఇంకో చోట అక్షరాలుగా ఉంది. 4512 అనే అంకె వేరు, 4, 5, 1, 2 అనే నాలుగు అక్షరాల మాట వేరు. మనం ఏ అలైన్‌మెంటూ పెట్టకపోతే అంకెలు గడిలో కుడివైపుకు, అక్షరాలు ఎడమవైపుకు జరిగి ఉంటాయి. మూలన చిన్న ఆకుపచ్చ త్రికోణం కూడా కనిపించవచ్చు. జాబితాలో అంకెలుండి, మీరు వెతికేది అక్షరాలుగా ఉంటే ఏ2 బదులు ఏ2*1 రాయండి. దీనికి తలకిందులుగా ఉంటే ఏ2&"" రాయండి. కాలమ్ మొత్తాన్ని ఒకేసారి అంకెలుగా మార్చాలంటే దాన్ని సెలెక్ట్ చేసి, డేటా మెనూలో టెక్స్ట్ టు కాలమ్స్ తెరిచి, ఏమీ మార్చకుండా ఫినిష్ నొక్కండి. అయితే మీ కోడ్‌ల ముందు సున్నాలుంటే ఈ పని చేయకండి. 0045 కాస్తా 45 అయిపోతుంది. అప్పుడు రెండు చోట్లా అక్షరాలుగానే ఉంచండి.

మూడోది, ఎక్సెల్ మీ కోడ్‌ను తారీఖుగా మార్చేయడం. 3-5 అని కొడితే నెలా తేదీ అనుకుంటుంది. ఇది చిన్న విషయం కాదు. జన్యుశాస్త్రం చదివేవాళ్లను ఇది ఏళ్ల తరబడి ఏడిపించింది. మార్చ్1, సెప్ట్1 అనే పేర్లున్న మానవ జన్యువులు షీట్‌లోకి రాగానే మార్చి 1, సెప్టెంబరు 1 అయిపోయేవి. చివరకు జన్యువులకు పేర్లు పెట్టే అంతర్జాతీయ కమిటీ 2020లో ఆ పేర్లనే మార్చి మార్చ్‌ఎఫ్1, సెప్టిన్1 అని పెట్టింది. మీ కోడ్‌లకు పేరు మార్చే అవసరం లేదు. కోడ్‌లు ఎక్కించకముందే ఆ కాలమ్‌ను సెలెక్ట్ చేసి ఫార్మాట్ టెక్స్ట్ అని పెట్టండి. ముందే పెట్టాలి. తారీఖుగా మారిపోయాక టెక్స్ట్ పెడితే ఏదో ఐదంకెల సంఖ్య కనిపిస్తుంది తప్ప పాత కోడ్ తిరిగి రాదు.

ప్రశ్న: మాకు 16 అంకెల నంబర్లుంటాయి. రెండు వేరువేరు నంబర్లకు ఒకే పేరు వస్తోంది.
— ఒక ఖాతాల గుమస్తా

జవాబు: ఎక్సెల్ ఏ అంకెనైనా 15 స్థానాల వరకే గుర్తుపెట్టుకుంటుంది. పదహారోది సున్నా అయిపోతుంది. కాబట్టి చివరి అంకె మాత్రమే తేడా ఉన్న నంబర్లన్నీ దానికి ఒకటే. పోయిన అంకె తిరిగి రాదు, అసలు ఫైల్ నుంచి మళ్లీ తెచ్చుకోవాల్సిందే. ఈసారి కాలమ్‌ను టెక్స్ట్‌గా మార్చాకే తెచ్చుకోండి. టెక్స్ట్‌గా ఉన్నా, ఒక విలువ ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టే కౌంట్‌ఇఫ్ మాత్రం వాటిని అంకెలుగా చూసి మొదటి 15 స్థానాలే పోలుస్తుంది. డూప్లికేట్లు పట్టడానికి ఇలాంటి నంబర్ల మీద దాన్ని నమ్మకండి.

ప్రశ్న: మా పై ఆఫీసర్‌కు షీట్‌లో #ఎన్/ఏ కనిపిస్తే చిరాకు. ఫార్ములాలన్నిటికీ ఇఫ్‌ఎర్రర్ తొడిగి, ఎర్రర్ వస్తే 0 చూపించమని పెట్టాను. ఇప్పుడు షీట్ శుభ్రంగా ఉంది. ఇది మంచి పద్ధతేనా?
— ఒక డేటా ఎంట్రీ ఆపరేటర్

జవాబు: కాదండి. ఈ నెల ఉత్తరాల్లో నన్ను ఎక్కువ కలవరపెట్టింది మీదే.

#ఎన్/ఏ అంటే 'వెతికాను, దొరకలేదు' అని షీట్ మీతో నిజం చెప్పడం. 0 అంటే 'దొరికింది, విలువ సున్నా' అని. రెండూ ఒకటెలా అవుతాయి? సరాసరి తీసినప్పుడు లేనివాళ్లు కూడా సున్నాతో లెక్కలోకి వచ్చి మొత్తం సరాసరిని కిందికి లాగేస్తారు. పైగా ఇఫ్‌ఎర్రర్ మింగేది #ఎన్/ఏ ఒక్కదాన్నే కాదు. ఎవరో ఒక కాలమ్ డిలీట్ చేస్తే వచ్చే #రెఫ్!, ఫార్ములా పేరు తప్పు కొడితే వచ్చే #నేమ్?, సున్నాతో భాగిస్తే వచ్చే #డివ్/0!, అన్నీ దాని కడుపులోకే పోతాయి. షీట్ మొత్తం విరిగిపోయినా మీకు కనిపించేది శుభ్రమైన సున్నాలే.

మీ ఆఫీసర్ గారి చిరాకు పోవాలి, నిజమూ దాగకూడదు. దానికి ఇఫ్‌ఎన్‌ఏ ఉంది. =ఇఫ్‌ఎన్‌ఏ(వీలుకప్(ఏ2, $డి$2:$ఇ$400, 2, ఫాల్స్), "జాబితాలో లేదు"). దొరకనివాటికి మాత్రమే ఆ మాట వస్తుంది. మిగతా ఎర్రర్లు ఎర్రర్లుగానే కనిపిస్తాయి, కనిపించాలి కూడా. మాటలున్న గడులను మొత్తం గానీ సరాసరి గానీ లెక్కలోకి తీసుకోవు కాబట్టి లెక్క చెడదు. షీట్ పైన ఒక గడిలో =కౌంట్‌ఇఫ్(బి2:బి400, "జాబితాలో లేదు") అని వేసి ఆఫీసర్ గారికి చూపించండి. 'సార్, ఇంకా ఇంతమంది వివరాలు రావాలి' అని మీరు చెప్పగలుగుతారు.

ప్రశ్న: మార్కులను బట్టి గ్రేడు ఇవ్వాలి. =ఇఫ్(బి2>=35, "సి", ఇఫ్(బి2>=50, "బి", ఇఫ్(బి2>=60, "ఏ", "డి"))) అని రాశాను. 92 వచ్చిన అమ్మాయికి కూడా సి అనే వస్తోంది. ఇంకా మూడు గ్రేడులు కలపాలి. బ్రాకెట్లు లెక్కపెట్టలేక తల తిరుగుతోంది.
— ఒక ఉపాధ్యాయుడు

జవాబు: మాస్టారూ, ఇఫ్ ఎడమ నుంచి చదువుకుంటూ వస్తుంది. మొదట నిజమైన షరతు దగ్గరే ఆగిపోతుంది. 92 అనేది 35 కంటే ఎక్కువే కదా, అక్కడే సి ఇచ్చేసి ఊరుకుంది. మిగతా రెండు షరతుల దాకా పోనే లేదు. పెద్ద మార్కు నుంచి మొదలుపెట్టి 60, 50, 35 అని దిగుతూ రాస్తే సరిపోతుంది.

కానీ మీరు ఇంకా మూడు కలపాలంటున్నారు. ఇఫ్‌లో ఇఫ్ పెట్టుకుంటూ పోవడానికి పాత ఎక్సెల్‌లో ఏడు మెట్లే ఉండేవి, 2007 నుంచి 64 చేశారు. చేశారు కదా అని ఎక్కకండి. అన్ని మెట్లున్న ఫార్ములాను వచ్చే ఏడాది మీరే చదవలేరు. గ్రేడులను షీట్‌లో ఒక పక్కన చిన్న పట్టికగా రాయండి. జి కాలమ్‌లో 0, 35, 50, 60, హెచ్ కాలమ్‌లో డి, సి, బి, ఏ. తర్వాత =వీలుకప్(బి2, $జి$2:$హెచ్$5, 2, ట్రూ).

అవును, ట్రూ! మొదటి జవాబులో వద్దన్న ట్రూ ఇక్కడ కావాలి. 59 అనే మార్కు పట్టికలో లేదు. దానికంటే చిన్నవాటిలో దగ్గరగా ఉన్నది 50, కాబట్టి బి. ట్రూ ఉన్నది ఇలాంటి పనికే. పట్టిక పై నుంచి కిందికి పెరుగుతూ ఉండాలి, మొదటి వరసలో 0 ఉండాలి. లేకపోతే 20 మార్కులకు #ఎన్/ఏ వస్తుంది. రేపు నియమం మారి 35 కాస్తా 40 అయితే ఒక్క గడి మారిస్తే చాలు, ఫార్ములా జోలికి పోనక్కర్లేదు.

ప్రశ్న: =ఇఫ్(50<బి2<60, "అవును", "కాదు") అంటే 55కు కూడా కాదు అంటోంది.
— ఒక విద్యార్థిని

జవాబు: లెక్కల నోట్‌బుక్‌లో అలా రాయొచ్చు, ఎక్సెల్‌లో కుదరదు. అది ముందు 50<బి2 చూసి ట్రూ అంటుంది. తర్వాత ఆ ట్రూను తీసుకుని ట్రూ<60 అవుతుందా అని చూస్తుంది. ఎక్సెల్ దృష్టిలో ట్రూ, ఫాల్స్ రెండూ ఏ అంకె కంటే అయినా పెద్దవే. కాబట్టి బి2లో ఏ అంకె ఉన్నా జవాబు 'కాదు' అనే. రెండు షరతులనూ విడదీసి =ఇఫ్(యాండ్(బి2>50, బి2<60), "అవును", "కాదు") అని రాయండి. రెంటిలో ఏ ఒక్కటి నిజమైనా చాలనుకున్నప్పుడు యాండ్ స్థానంలో ఆర్.

ప్రశ్న: ఫార్ములాలో డాలర్ గుర్తులు ఎందుకు? అవి లేకుండానే నా మొదటి గడిలో సరైన జవాబు వస్తోంది కదా.
— ఒక కొత్త ఉద్యోగి

జవాబు: మొదటి గడిలో వస్తుంది. కిందికి లాగినప్పుడు డి2:ఇ400 అన్నది డి3:ఇ401 అవుతుంది, ఆ కింద డి4:ఇ402. జాబితా పై వరసలు ఒక్కొక్కటే చేజారుతుంటాయి. నూరో వరసకు వచ్చేసరికి మొదటి 99 పేర్లు ఫార్ములాకు కనిపించవు. డాలర్ గుర్తు పెడితే ఆ చిరునామా కదలదు. ఫార్ములాలో డి2:ఇ400 మొత్తాన్ని సెలెక్ట్ చేసి ఎఫ్4 నొక్కితే గుర్తులు వాటంతటవే పడతాయి.

పరిధి విషయంలో ఎంత పెద్దవాళ్లైనా పొరబడతారు. రైన్‌హార్ట్, రోగాఫ్ అనే ఇద్దరు పేరున్న ఆర్థికవేత్తలు దేశాల అప్పుకూ ఎదుగుదలకూ ఉన్న సంబంధం మీద 2010లో ఒక పత్రం రాశారు. ఎన్నో ప్రభుత్వాలు దాన్ని చర్చించాయి. 2013లో థామస్ హెర్న్‌డన్ అనే పరిశోధక విద్యార్థి వాళ్ల ఎక్సెల్ ఫైల్ తెరిచి చూస్తే, సరాసరి తీసిన ఫార్ములా పరిధిలోకి 20 దేశాల్లో ఐదు రానే లేదు. ఆ పత్రం మీద వచ్చిన విమర్శల్లో ఇది ఒకటి మాత్రమే. అయినా ఆ గడిలో ఎర్రర్ ఏమీ లేదు, చక్కగా ఒక అంకె ఉంది.

ప్రశ్న: మధ్యలో ఎవరో ఒక కాలమ్ కలిపారు. వీలుకప్‌లో పేరు రావాల్సిన చోట ఫోన్ నంబర్లు వస్తున్నాయి. ఎక్స్‌లుకప్ వాడమని స్నేహితుడు అన్నాడు. నేర్చుకోవాలా?
— ఒక క్లినిక్ రిసెప్షనిస్ట్

జవాబు: నేర్చుకోండి, మీ స్నేహితుడు మంచి మాటే చెప్పాడు. వీలుకప్‌లో '2' అంటే రెండో కాలమ్ అని మాత్రమే. ఆ కాలమ్‌లో ఏముందో దానికి పట్టదు. ఎక్స్‌లుకప్‌లో లెక్కపెట్టే పని లేదు. =ఎక్స్‌లుకప్(ఏ2, $డి$2:$డి$400, $ఎఫ్$2:$ఎఫ్$400, "లేదు"). ఎక్కడ వెతకాలో ఆ కాలమ్, ఎక్కడి నుంచి తేవాలో ఆ కాలమ్. మధ్యలో కొత్త కాలమ్ వస్తే చిరునామాలు వాటంతటవే సర్దుకుంటాయి. ఎడమవైపున్న కాలమ్ నుంచి కూడా తెస్తుంది, వీలుకప్‌కు అది చేతకాదు. అన్నిటికంటే నాకు నచ్చింది, ఏమీ చెప్పకపోతే సరిగ్గా అదే ఉన్నదాన్నే వెతుకుతుంది. మొదటి ఉత్తరంలోని ప్రమాదం ఇక్కడ లేదు.

ఇది 2019లో వచ్చింది. ఎక్సెల్ 2016, ఎక్సెల్ 2019 కొనుక్కున్నవాళ్ల దగ్గర ఉండదు. ఎక్సెల్ 2021లో, మైక్రోసాఫ్ట్ 365లో, గూగుల్ షీట్స్‌లో ఉంది. మీ ఫైల్‌ను పాత ఎక్సెల్ ఉన్నవాళ్లకు పంపాల్సి వస్తే =ఇండెక్స్($ఎఫ్$2:$ఎఫ్$400, మ్యాచ్(ఏ2, $డి$2:$డి$400, 0)) రాయండి. మ్యాచ్ ఎన్నో వరసో చెప్తుంది, ఇండెక్స్ ఆ వరసలోంచి తెస్తుంది. చివర ఆ 0 మర్చిపోవద్దు, వీలుకప్‌లో ఫాల్స్ చేసే పనే అదీ చేస్తుంది.

క్లినిక్ అంటున్నారు కాబట్టి ఒకటి గట్టిగా చెప్పాలి. పేరుతో వెతకకండి. ఒకే పేరున్నవాళ్లు ఇద్దరుంటే ఈ ఫార్ములాలన్నీ మొదట కనిపించినవాళ్ల వివరాలే ఇచ్చి ఊరుకుంటాయి, రెండో మనిషి ఉన్నారని చెప్పవు. ప్రతి మనిషికీ ఒక నంబరు పెట్టి దానితోనే వెతకండి. ఆ నంబర్ల పక్క కాలమ్‌లో =కౌంట్‌ఇఫ్($డి$2:$డి$400, డి2) వేసి కిందికి లాగండి. ఎక్కడైనా 2 కనిపిస్తే ఆ ఇద్దరి కాగితాలూ తెప్పించి చూశాకే ఫైల్ వాడండి.